తెగువ ఎవరిది, ఖరీదు ఎవరిది?

1937 వేసవిలో కాంగ్రెసు సోషలిస్టులు కొత్తపట్నంలో ఒక రాజకీయ పాఠశాల పెట్టారు. ఒంగోలుకు తూర్పున సముద్రపొడ్డునున్న ఊరు అది. ఎన్నికల్లో గెలిచిన కాంగ్రెసు ఇంకా పదవులు తీసుకోలేదు. మద్రాసులో కూర్మా వెంకటరెడ్డినాయుడి తాత్కాలిక మంత్రివర్గం నడుస్తోంది. ఆ ప్రభుత్వం పాఠశాలను నిషేధించింది. పోలీసులొచ్చారు, లాఠీలు లేచాయి, అరెస్టులు జరిగాయి. నాయకత్వం నేర్చుకోవడానికి వచ్చిన కుర్రాళ్లకు దాని ఖరీదు కూడా అక్కడే తెలిసొచ్చింది. పాఠం చెప్పినవాళ్లకు ఒక న్యాయం, విన్నవాళ్లకు ఒక న్యాయం లేని బడి అది.

ఇప్పుడు నాయకత్వ పాఠాలు వేరే చోట చెబుతున్నారు. హైదరాబాదులోనో బెంగళూరులోనో ఒక హోటల్ హాలు, రెండు రోజుల శిక్షణ, మెడలో బ్యాడ్జీ, తెరమీద స్లైడ్లు. ఎవరు చెప్పినా రెండు మాటలు మాత్రం తప్పకుండా వినిపిస్తాయి: నువ్వు నువ్వుగా ఉండు, నీ మీద నువ్వే పందెం కాయి. ఒంగోలు, చీరాల, తెనాలి, నరసరావుపేటల నుంచి వెళ్లి ఉద్యోగాలు చేస్తున్న పిల్లలు ఈ మాటలు విని ఊగిసలాటలో పడుతున్నారు. ఉద్యోగం మానేసి సొంతంగా ఏదైనా మొదలుపెట్టాలా? మేనేజరుతో ఉన్నమాట మొహం మీదే అనెయ్యాలా? ఊళ్లో నాన్న మాత్రం ఫోన్లో ఒకటే మాట: "నీకెందుకురా అవన్నీ, తలొంచుకుని పని చేసుకో."

ఇద్దరిలో ఎవరి మాట వినాలి? ఈ ప్రశ్న మీద పుస్తకాలు ఏం చెప్పాయో, గుంటూరు, ప్రకాశం మైదానంలో పుట్టినవాళ్ల బతుకులు ఏం చూపించాయో పక్కపక్కన పెట్టి చూడటమే ఈ సమీక్ష. నా వాదన ముందే చెప్పేస్తాను. తెగువ ఎంత పెద్దదో చూసి మనిషికి మార్కులు వేస్తున్నాం. అది బెడిసికొట్టిన రోజున నష్టం ఎవరి గడపలో పడిందో చూసి వెయ్యాలి.

పుస్తకాలు ఏమన్నాయి

నిఖార్సైన నాయకత్వం అన్న ఆలోచనకు మేనేజ్‌మెంట్ ప్రపంచంలో గిరాకీ తెచ్చినవాడు బిల్ జార్జ్. గుండెకు అమర్చే పేస్‌మేకర్లు తయారుచేసే మెడ్‌ట్రానిక్ కంపెనీని పదేళ్లు నడిపి, 2003లో 'అథెంటిక్ లీడర్‌షిప్' అనే పుస్తకం రాశాడు. ఆ సమయం గుర్తుపెట్టుకోవాలి. అమెరికాలో ఎన్‌రాన్, వరల్డ్‌కామ్ కుప్పకూలి, పెద్ద కుర్చీల్లో కూర్చున్నవాళ్లు చెప్పిన లెక్కలన్నీ దొంగలెక్కలని తేలిన రోజులవి. జనానికి నమ్మదగిన మనిషి కావలసివచ్చాడు. ఎవరినో చూసి నడత అరువు తెచ్చుకోవద్దు, నీ బతుకులోంచి వచ్చిన విలువల మీద నిలబడు అన్నది జార్జ్ చెప్పిన సారాంశం.

తర్వాత పరిశోధకులు దీన్ని కొలిచే పనిలో పడ్డారు. 2008లో వాలుంబ్వా, అవోలియో, గార్డ్‌నర్ తదితరులు నాలుగు గుణాలు చెప్పారు. తన బలం, బలహీనత తనకు తెలిసి ఉండటం. ఎదుటివాళ్ల దగ్గర దాపరికం లేకపోవడం. బయటి ఒత్తిడికి లొంగని నీతి. తనకు గిట్టని వాదాన్ని కూడా విని తూకం వెయ్యడం. వీటిలో నాలుగోదాన్ని మన శిక్షణ తరగతులు చాలావరకు వదిలేస్తాయి. మనసులో ఉన్నది అనెయ్యడం మొదటి మూడింటిలోకి ఎలాగోలా సర్దుకుంటుంది. ఎదుటివాడు అన్నది మనసులోకి తీసుకోవడం కష్టం కదా.

అభ్యంతరాలు చెప్పినవాళ్లూ ఉన్నారు. 2015లో హెర్మీనియా ఇబర్రా, 'నేనింతే' అన్న మాట ఎదుగుదలకు అడ్డుపడుతుందని వాదించింది. కొత్త బాధ్యత మీద పడినప్పుడు మొదట్లో ఎవరికైనా అది తనది కాని చొక్కా తొడుక్కున్నట్టే ఉంటుంది, వేసుకుని తిరిగితేనే ఒంటికి పడుతుంది, కాబట్టి పాత తీరునే పట్టుకుని వేలాడటం నిజాయితీ అనిపించుకోదు అన్నది ఆమె వాదన. అదే ఏడాది జెఫ్రీ ఫెఫర్ ఇంకా కటువుగా రాశాడు. నాయకుడికి ఆ పూట ఏమనిపిస్తోందన్నది ఎవరికీ అక్కర్లేదు, ఆ పూటకు ఏం అవసరమో అది చెయ్యడమే అతని పని అన్నాడు.

ఆడవాళ్ల విషయంలో మరో ముఖ్యమైన సంగతి బయటపడింది. 2007లో హానా రైలీ బౌల్స్, లిండా బాబ్‌కాక్, లే లై కలిసి చేసిన ప్రయోగాల్లో, జీతం పెంచమని నోరు తెరిచి అడిగిన ఆడవాళ్ల మీద అదే పని చేసిన మగవాళ్ల మీదకన్నా ఎక్కువ వ్యతిరేకత కనిపించింది. అడగకపోతే రాదు, అడిగితే చెడ్డపేరు. ధైర్యానికి అందరి దగ్గరా ఒకే ధర వసూలు చెయ్యరన్నమాట.

ఈ చర్చంతా నాయకుడి మనసు చుట్టూ తిరుగుతుంది. అతను నిజాయితీపరుడా, నటిస్తున్నాడా అని తరచి చూస్తుంది. అతని నిర్ణయం తప్పితే ఎవరు ఏం పోగొట్టుకుంటారన్నది అంతగా పట్టించుకోదు. మన ప్రాంతపు అనుభవం సరిగ్గా అక్కడ పనికొస్తుంది.

సొంత జేబు ఖాళీ చేసుకున్నవాడు

ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో 1872 ఆగస్టు 23న పుట్టిన టంగుటూరి ప్రకాశం తన మీద తాను పందెం కాయడంలో దిట్ట. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. తల్లి సుబ్బమ్మ ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లల్ని పెంచింది. గురువు ఇమ్మానేని హనుమంతరావునాయుడు చేరదీసి రాజమండ్రి తీసుకెళితే అక్కడ చదివి వకీలయ్యాడు, మున్సిపల్ చైర్మనూ అయ్యాడు. ఆ ఊరికి అది చాలా పెద్ద హోదా. దాంతో సరిపెట్టుకుని ఉండవచ్చు. కానీ చిన్న తరగతి వకీలుకు హైకోర్టు గడప దొరకదు. అందుకని సముద్రం దాటి ఇంగ్లండు వెళ్లి బారిస్టరై 1907లో తిరిగొచ్చి, మద్రాసులో ప్రాక్టీసు పెట్టి బాగా గడించాడు.

ఇంతవరకు ఏ శిక్షణ తరగతిలోనైనా చెప్పుకోదగ్గ విజయగాథ. దీని రెండో సగం మాత్రం స్లైడు మీదకు ఎక్కదు. 1921లో సహాయ నిరాకరణ పిలుపు రాగానే ఆ ప్రాక్టీసు వదిలేశాడు. అదే ఏడాది 'స్వరాజ్య' పత్రిక పెట్టి సంపాదించినదంతా అందులో పోశాడు. పత్రిక చివరికి అప్పుల పాలై ఆగిపోయింది. 1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్ వ్యతిరేక ప్రదర్శనలో మద్రాసు వీధిలో పోలీసు తుపాకీకి ఛాతీ చూపించిన దృశ్యం అందరికీ తెలిసిందే. జనం ఆ ఒక్క క్షణాన్ని పట్టుకుని ఆంధ్రకేసరి అన్నారు. నిజానికి ఆ క్షణానికి విలువ వచ్చింది అంతకుముందు ఏడేళ్ల నుంచి. అప్పటికే చేతిలో ఉన్నది ఒక్కొక్కటే వదులుకుంటూ వచ్చినవాడు కాబట్టి ఆ ఛాతీ చూపించడాన్ని నాటకమని ఎవరూ అనలేకపోయారు.

అయితే ప్రకాశాన్ని మొత్తంగా మెచ్చుకుని ఊరుకుంటే సమీక్ష కాదు. 1946 ఏప్రిల్ చివర మద్రాసు ప్రధాని అయ్యాక ఖాదీ మీద నమ్మకంతో కొత్త బట్టల మిల్లుల పథకానికి అడ్డం తిరిగాడు. సొంత పార్టీలోనే అసమ్మతి ముదిరింది. 1947 మార్చిలో దిగిపోవాల్సి వచ్చింది. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యాడు, మరుసటి ఏడాది మద్య నిషేధం విషయంలో వచ్చిన అవిశ్వాస తీర్మానంలో ఒక్క ఓటు తేడాతో ఓడిపోయాడు. నమ్మినదాని కోసం సొంత ప్రాక్టీసు పణంగా పెట్టే హక్కు అతనిదే. ఒక ప్రాంతపు పరిశ్రమలను పణంగా పెట్టే హక్కు కూడా అంతే సులువుగా వస్తుందా? మనిషి అదే, మొండితనం అదే, నిజాయితీ అదే. మొదటిసారి నష్టం తనకు, రెండోసారి ఎందరికో. తేడా అక్కడుంది. ఆ తేడాను మనసు స్వచ్ఛత ఒక్కటే తీర్చలేదు.

పదిమందిని వెంటేసుకుని

చీరాల, పేరాల ఊళ్లను కలిపి ప్రభుత్వం మున్సిపాలిటీ చేసింది. అప్పటిదాకా యూనియన్‌గా ఉన్నప్పుడు ఏడాదికి నాలుగు వేల రూపాయల దాకా ఉన్న పన్నులు నలభై వేలకు ఎగబాకాయి. నేతపని మీద బతికే పేదలు ఎక్కువగా ఉన్న ఊళ్లవి. ఎడింబరోలో ఎం.ఏ. చదివి వచ్చి, కొలువులు వదిలేసిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వాళ్లకు నాయకుడయ్యాడు. 1921 ఏప్రిల్‌లో గాంధీ చీరాల వచ్చినప్పుడు చూపిన దారుల్లో ఒకటి, ఊరే ఖాళీ చేసి వెళ్లిపోవడం. ఊళ్లో మనుషులు లేకపోతే మున్సిపాలిటీ పన్ను ఎవరి దగ్గర వసూలు చేస్తుంది?

పదిహేను వేల జనాభాలో అత్యధికులు ఇళ్లకు తాళాలు వేసి పొలిమేర దాటారు. పాకలు వేసుకుని దానికి రామనగర్ అని పేరు పెట్టారు. ఇది ఎంత పెద్ద పనో నేత ఇంట్లోకి తొంగిచూస్తే తెలుస్తుంది. గుంట మగ్గం నేలలో దిగి ఉంటుంది. కాళ్లు పెట్టుకునే గుంటను నెత్తిన పెట్టుకుని తీసుకుపోలేరు. పడుగు సాగదీయడానికి చోటు కావాలి, నూలు తడవకుండా గట్టి కప్పు కావాలి. వేసవిలో పాకలోకి మారిన నేతగాడికి తొలకరి రాగానే ఇల్లొక్కటే దూరమైనట్టు కాదు, పనే దూరమైనట్టు. అయినా నెలల తరబడి అక్కడే ఉన్నారు. గోపాలకృష్ణయ్య 'రామదండు' దళం కట్టి కాపలా, సేవ అన్నీ నడిపించాడు. నిధుల కోసం తిరుగుతూ బరంపురంలో అరెస్టయి జైలుకు వెళ్లాక ఉద్యమం నీరసించింది. జనం తిరిగి ఇళ్లకు చేరారు. మున్సిపాలిటీ మున్సిపాలిటీగానే ఉండిపోయింది.

ఫలితం చూసి తీర్పు చెబితే ఇది ఓటమి. అయినా చీరాల ఆయన పేరును తన పేరుతో కలిపే చెప్పుకుంటుంది. జనంతోపాటు నష్టపోయిన నాయకుడు కాబట్టి. చేతిలో విదేశీ పట్టా ఉన్నా 1928లో 39 ఏళ్ల వయసులో క్షయతో, లేమితో పోయాడు. అయినా ఒక చేదు ప్రశ్న అడగాల్సిందే. ఒక్క మనిషి జైలుకు వెళితే కూలిపోయేలా కట్టిన ఉద్యమానికి పదిహేను వేలమంది పొయ్యిలను పణం పెట్టడం సబబేనా? తన తర్వాత నడిపేవాళ్లను తయారు చెయ్యకపోవడం, ఆకర్షణశక్తి ఉన్న నాయకులందరి దగ్గరా కనిపించే లోపం.

పెదనందిపాడు దీనికి మంచి పోలిక. 1921-22లో అక్కడ పన్నుల నిరాకరణ నడిపిన పర్వతనేని వీరయ్య చౌదరి స్థానిక రైతు. ఆ ఫిర్కా గ్రామాల్లో మునసబులు, కరణాలు రాజీనామాలు ఇచ్చారు. తరతరాలుగా ఇంటికి వస్తున్న ఉద్యోగాలవి. రాజీనామా అంటే జీతంతోపాటు ఊళ్లో మాట కూడా పోతుంది. ప్రభుత్వం రూథర్‌ఫర్డ్ అనే ప్రత్యేకాధికారిని దింపి జప్తులు మొదలుపెట్టింది. ఈలోగా కాంగ్రెసు పెద్దల నుంచి ఆగమన్న మాట వచ్చింది, 1922 ఫిబ్రవరిలో ఉద్యమం ఆగింది. ఒక్క నాయకుడి చుట్టూ కాకుండా ఊరూరా బాధ్యత పంచుకున్న పోరాటం అది. లోపల విరగలేదు, బయటి నిర్ణయంతో ఆగింది. అయినా కొలువు వదులుకున్న చిన్న ఉద్యోగికి ఈ తేడా ఏం ఓదార్పు? ధైర్యం చెయ్యమన్నవాళ్లు వెనక్కి తగ్గినప్పుడు ముందువరసలో ఉన్నవాడి గతేమిటన్న ప్రశ్న అప్పుడే పుట్టింది. ఆఫీసుల్లో ఇప్పటికీ నలుగుతూనే ఉంది.

పదవి లేని నాయకత్వానికి పక్క జిల్లాలోనే ఉదాహరణ ఉంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో సారా వ్యతిరేక పోరాటం రాత్రిబడుల్లోంచి వచ్చింది. అక్షరాలు దిద్దుతున్న ఆడవాళ్లు కూడబలుక్కుని సారా దుకాణం మూయించారు. చూస్తుండగానే అది రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారా నిషేధించింది. ఒక్కో ఇల్లాలు విడిగా మొగుణ్ని ఎదిరిస్తే ఆ రాత్రి దెబ్బలు ఆమెకే. వాడంతా కలిసి కదిలితే ఆ ప్రమాదాన్ని అందరూ పంచుకుంటారు. తెగువను చవక చేసే మార్గం ఇది. దీన్ని కనిపెట్టినవాళ్లకు మేనేజ్‌మెంట్ పట్టాలు లేవు.

సంస్థ లోపల, సంస్థ బయట

ఉద్యోగం చేస్తూనే తెగించిన మనిషి కావాలంటే తెనాలి దగ్గర యలవర్రులో 1922లో పుట్టిన యలవర్తి నాయుడమ్మను చూడాలి. రైతు కుటుంబంలోంచి వచ్చి తోళ్ల పరిశ్రమను ఎంచుకున్నాడు. ఆ రోజుల్లో తోలుపని అంటే కులం గుర్తొచ్చే పని, వాసన వేసే పని. చదువుకున్న కుర్రాడు సర్కారీ కుర్చీ వెతుక్కునే కాలంలో అతను ఆ దారి పట్టడం బంధువులకు మింగుడుపడే సంగతి కాదు. అమెరికాలో లీహై విశ్వవిద్యాలయంలో డాక్టరేటు చేసి వచ్చి, 1958లో మద్రాసులోని కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థకు డైరెక్టరయ్యాడు. పరిశోధన పరిశ్రమ దగ్గరకు వెళ్లాలన్నది అతని పట్టు. ప్రయోగశాల, తోళ్లు ఊనే చోటు ఒకదానికొకటి ఎదురుపడేలా చేశాడు. 1971లో సీఎస్ఐఆర్ అధిపతి అయ్యాడు. 1985 జూన్ 23న కనిష్క విమాన దుర్ఘటనలో మరణించాడు.

ఇక్కడ గమనించాల్సింది, నాయుడమ్మ తెగువలో డబ్బు పందెం దాదాపు లేదు. అతను పణం పెట్టింది పరువు. వెనక సర్కారీ సంస్థ ఉంది, జీతం ఉంది, తప్పులు చేసుకునే వ్యవధి ఉంది. దీన్ని చిన్నచూపు చూడనక్కర్లేదు. దేశంలో చాలా మంచి పనులు ఇలా నెలజీతం నీడలోనే జరిగాయి. ఉద్యోగం వదిలితేనే ధైర్యం అన్న ప్రచారానికి అతని బతుకే జవాబు.

ఉద్యోగం వదిలినవాడి కథకు తాడేపల్లిలో 1939లో పుట్టిన కల్లం అంజిరెడ్డి ఉన్నాడు. తండ్రి పసుపు పండించే రైతు. గుంటూరు ఏసీ కాలేజీలో బీఎస్సీ, బొంబాయిలో సాంకేతిక విద్య, పుణె జాతీయ రసాయన ప్రయోగశాలలో పీహెచ్‌డీ. హైదరాబాదు ఐడీపీఎల్‌లో ఆరేళ్లు పనిచేసి బయటికొచ్చాడు. 1984లో 25 లక్షల రూపాయల మూలధనంతో డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్ పెట్టాడు. 2001లో ఆ కంపెనీ న్యూయార్క్ స్టాక్ ఎక్స్చేంజీలో నమోదైంది.

తిరగేసి చదివితే ఇంకో కథ కనిపిస్తుంది. ఐడీపీఎల్ వదలగానే డాక్టర్ రెడ్డీస్ పుట్టలేదు. మధ్యలో యూనిలాయిడ్స్, స్టాండర్డ్ ఆర్గానిక్స్ అనే రెండు కంపెనీల్లో పని నేర్చుకున్నాడు. దూకాడనుకున్నది నిజానికి మెట్లు దిగడం. ఇక అతని అసలు కల, భారతదేశంలో కొత్త మందు కనిపెట్టడం, ఆయన బతికుండగా నెరవేరలేదు. 1997లో బాలాగ్లిటజోన్ అనే మధుమేహ మందు హక్కులను డెన్మార్క్ కంపెనీ నోవో నార్డిస్క్‌కు ఇచ్చినప్పుడు దేశమంతా గొప్పగా చెప్పుకుంది. అది మార్కెట్ దాకా రాలేదు. రాగాగ్లిటజార్ అనే మరో మందు జంతువుల్లో కంతులు కనిపించి 2002లో ఆగిపోయింది. 2006లో 48 కోట్ల యూరోలు పెట్టి కొన్న జర్మనీ కంపెనీ బీటాఫార్మ్, అక్కడి మందుల కొనుగోలు నియమాలు మారడంతో పెద్ద నష్టం మిగిల్చింది. ఇవన్నీ తట్టుకోగలిగింది మామూలు మందుల వ్యాపారం రోజూ డబ్బు తెచ్చిపెడుతుండబట్టే. ఒక వైపు నిలకడగా అన్నం పెట్టే పని ఉంటేనే రెండో వైపు కల మీద పందెం కాయగలరన్నది ఆయన జీవితంలోని పాఠం. ఆయన ఆత్మకథకు పెట్టిన ఇంగ్లీషు పేరుకు అర్థం కూడా మిగిలిపోయిన పని అనే.

ఇద్దరు నటీమణులు

పని దగ్గర తన మాట మీద నిలబడటం అన్నప్పుడు తెలుగువాళ్లకు ముందు గుర్తొచ్చేది భానుమతి. ఒంగోలు దగ్గర దొడ్డవరంలో 1925లో పుట్టింది. 1939లో 'వరవిక్రయం'తో తెరకెక్కింది. నటి, గాయని, రచయిత్రి, దర్శకురాలు, స్టూడియో యజమాని. 1953లో 'చండీరాణి'ని తెలుగు, తమిళం, హిందీ భాషల్లో తనే దర్శకత్వం వహించి తీసింది. 'మిస్సమ్మ' వ్యవహారం సినిమా లోకమంతా చెప్పుకునే కథ. వరలక్ష్మీ వ్రతం రోజు షూటింగుకు ఆలస్యమైంది. నిర్మాత చక్రపాణి క్షమాపణ కోరాడు. ముందే కబురు పంపిన తాను క్షమాపణ ఎందుకు చెప్పాలని ఆమె పట్టుబట్టింది. అప్పటికి తీసిన రీళ్లు పక్కన పెట్టి, కథానాయిక పాత్ర సావిత్రికి ఇచ్చారు. 1955లో సినిమా విడుదలైంది, సావిత్రి దశ తిరిగింది.

గుంటూరు జిల్లా చిర్రావూరు పిల్ల సావిత్రి. నటిగా ఆమెకు సాటిలేదన్న పేరు వచ్చాక ఆమె కూడా తన మీద తాను పందెం కాసింది. 1968లో 'చిన్నారి పాపలు' సినిమాకు దర్శకత్వం వహించింది. ముఖ్యమైన సాంకేతిక శాఖలు ఆడవాళ్లకే అప్పగించడం ఆనాటికి ఎవరూ చెయ్యని సాహసం. సినిమా ఆడలేదు. 1971లో తమిళంలో 'ప్రాప్తం' సొంతంగా తీసి చేతులు కాల్చుకుంది. ఆస్తులు కరిగిపోయాయి. 1981 డిసెంబరులో చనిపోయేనాటికి అంతటి తార చేతిలో ఏమీ మిగల్లేదు.

ఇద్దరిదీ ఒకే మైదానం, ఒకే వృత్తి. తెగువలో సావిత్రి తక్కువ తినలేదు. మరి ఒకరు నిలిచి, ఇంకొకరు కూలడానికి కారణం స్వభావమేనా? జనం అలాగే అనుకుంటారు. ఒకరు గడుసు, ఇంకొకరు అమాయకురాలు అని తేల్చేస్తారు. నాకు కనిపించే తేడా వేరు. భానుమతికి భర్త రామకృష్ణారావుతో కలిసి కట్టుకున్న భరణీ సంస్థ ఉంది, స్టూడియో ఉంది. 'మిస్సమ్మ' చేజారిన మర్నాడు ఆమెకు సొంత ఆఫీసు ఉంది. కాదనే స్తోమత ఉన్నవాళ్ల నోట 'కాదు' అన్నది ఆత్మగౌరవంగా వినిపిస్తుంది, లేనివాళ్ల నోట పొగరుగా వినిపిస్తుంది. సావిత్రి వెనక అలాంటి ఆసరా లేదు. సినిమా పోతే ఇల్లు పోయింది. బౌల్స్ ప్రయోగాల్లో తేలినదానికి ఇది మన ఊరి రుజువు. ధైర్యం ధర మనిషిని బట్టి, వెనకున్న ఆసరాను బట్టి మారుతుంది.

లెక్కలోకి రానివాళ్లు

ఇప్పటిదాకా చెప్పినవాళ్లంతా పేరు మిగిలినవాళ్లు. నాయకత్వం మీద రాసే ప్రతి వ్యాసంలోనూ ఉండే లోపమే ఇది. ఓడి, పేరు లేకుండా పోయినవాళ్లు సమీక్షలోకి రారు. ఈ మైదానంలో ఏటా తన మీద తాను పందెం కాసేవాడు నిజానికి రైతు.

1980లలో పత్తిని తెల్లబంగారం అన్నారు. నల్లరేగడిలో అంతా పత్తి వేశారు. 1987-88లో తెల్లదోమ విరుచుకుపడింది. మందు మీద మందు కొట్టినా చావలేదు. పురుగుమందుల దుకాణంలో అరువు పెరిగింది, పంట చేతికి రాలేదు. ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో పత్తి రైతుల ఆత్మహత్యలు దేశానికి తెలిసింది అప్పుడే. 2021-22లో నల్ల తామర పురుగు మిరపపూత మీద పడింది. పూత రాలిపోతుంటే చూస్తూ ఉండలేక ఎందరో పంట దున్నేశారు. వీళ్లకు తెగువ లేదని ఎవరనగలరు? తమను తాము నమ్మలేదని ఎవరనగలరు?

మిరప రైతు పందెం ఒక్కసారితో అయిపోదు. కాయ కోయించి, ఎండబెట్టి, తాలు ఏరించి, టిక్కీలు కట్టి గుంటూరు యార్డుకు తోలతాడు. కొనేవాడు బస్తాలో చెయ్యి పెట్టి గుప్పెడు కాయలు తీసి, రంగు చూసి, నలిపి తేమ చూసి ధర చెబుతాడు. ధర నచ్చకపోతే రైతు ముందు రెండే దారులు. ఇచ్చిన ధరకు ఒప్పుకుని, కమీషన్ కొట్టు దగ్గర ముందు తెచ్చుకున్న పెట్టుబడి, వడ్డీ మినహాయించుకోగా మిగిలింది జేబులో వేసుకోవడం. లేదంటే సరుకు కోల్డ్ స్టోరేజీలో పెట్టి, అద్దె, వడ్డీ మోస్తూ ధర పెరుగుతుందని ఎదురుచూడటం. ఇది ఆత్మవిశ్వాసానికి పరీక్ష కాదు, నిలవ ఉండగల తాహతుకు పరీక్ష.

కౌలు రైతు పరిస్థితి మరీ సన్నం. పంట పోయినా కౌలు తప్పదు. కాగితం మీద పొలం యజమానిది కాబట్టి బ్యాంకు రుణం, నష్టపరిహారం అతని దాకా రావడం కష్టం. 2019లో తెచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం పదకొండు నెలల గడువుతో కార్డు ఇస్తుంది. దానికి యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే పొలం చేజారుతుందేమోనని యజమాని భయం. పందెం కాసేది ఒకడు, పందెం కాయడానికి అర్హత పత్రం ఇంకొకడి చేతిలో. ఆఫీసుల్లో కాంట్రాక్టు ఉద్యోగి స్థితి దీనికి ఎంత దూరమో ఆలోచించండి. చొరవ చూపమంటారు, తేడా వస్తే ఒప్పందం పొడిగించరు.

తేలినదేమిటి

ఇన్ని కథలు పక్కన పెట్టుకుని చూస్తే మూడు సంగతులు గట్టిగా చెప్పవచ్చు. ఒకటి, జనం నమ్మిన నాయకులు తమ మనసు విప్పి చెప్పినవాళ్లు కారు, ముందుగా తమది వదులుకున్నవాళ్లు. ప్రకాశం, దుగ్గిరాల ఇద్దరూ అంతే. బిల్ జార్జ్ చెప్పిన విలువలు ఖర్చు పెట్టినప్పుడే కంటికి కనిపిస్తాయి. రెండు, పెద్ద తెగువ వెనక చాలాసార్లు ఒక ఆసరా ఉంటుంది. నాయుడమ్మకు సంస్థ, అంజిరెడ్డికి నిలకడైన వ్యాపారం, భానుమతికి స్టూడియో, దూబగుంట ఆడవాళ్లకు ఒకరికొకరు. కథ చెప్పేటప్పుడు ఆ ఆసరాను దాచేసి తెగువను మాత్రమే చూపించడం వినేవాళ్లకు ద్రోహం. మూడు, నిజాయితీ ఉన్నంత మాత్రాన నిర్ణయం సరైనదైపోదు. తనకు గిట్టని మాట వినే గుణం లేకపోతే ఎంత నిఖార్సైన మనిషైనా పదిమందిని గోతిలోకి తీసుకుపోగలడు.

తేలని విషయాలూ ఉన్నాయి. ఎంత ఆసరా ఉంటే చాలు? అన్నీ సర్దుకున్నాకే దూకుతానంటే ప్రకాశం రాజమండ్రి దాటేవాడే కాదు. ఇంట్లోవాళ్ల బతుకును కూడా కలిపి పణం పెట్టేటప్పుడు వాళ్లను అడగాలా? మన నాయకుల ఆత్మకథల్లో ఆ సంభాషణలు తక్కువగా కనిపిస్తాయి. వాటి గురించి రాయాల్సిన పుస్తకాలు ఇంకా మిగిలే ఉన్నాయి.

ఊగిసలాడుతున్న ఉద్యోగికి నా సలహా చిన్నది. మేనేజరుకు ఉన్నమాట చెప్పేముందు, ఉద్యోగం మానేముందు, ఇది తప్పితే నష్టపోయేది నేనేనా, నాతోపాటు ఇంకెవరైనా ఉన్నారా అని లెక్కవేసుకోండి. మీ ఒక్కరిదే అయితే భయపడి ఆగకండి. ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన ఉందా, తోటివాళ్లలో మీ మాటకు జతకలిసేవాళ్లు ఉన్నారా చూసుకోండి. ఫోన్లో తలొంచుకోమన్న నాన్నను పిరికివాడని తీసిపారేయకండి. ఆయన తెల్లదోమను చూసిన మనిషి.

అసలు సలహా చెప్పాల్సింది సంస్థలకు. సిబ్బందిని తెగించమని, తాముగా ఉండమని, తప్పులు చేసి నేర్చుకోమని గోడల మీద రాసుకునే కంపెనీలు, తెగించి ఓడిన ఉద్యోగికి ఆ ఏడాది ఇంక్రిమెంటు ఇచ్చాయా లేదా అన్నదొక్కటే వాటి నిజాయితీకి కొలత. ధైర్యం చెయ్యమని చెప్పే హక్కు, ఓడినవాణ్ని మర్నాడు కూడా పనిలో ఉంచుకునేవాళ్లకే ఉంటుంది.